చిలకపచ్చ గోడలు

హాల్లో సోఫా ఈడ్చిన చప్పుడికి వంటింట్లో అమ్మ చేతిలో పాలగిన్నె ఓసారి తొణికింది. గడియారం ఇంకా ఏడు కొట్టలేదు.

"నెమ్మదే. ఆ సోఫాకి ఉన్నవే నాలుగు కాళ్ళు," అంది అక్కణ్ణించే.

"మూడే అమ్మా. నాలుగోది నాన్న పెట్టిన ఇటుక," అని హాల్లోంచి జవాబొచ్చింది.

జవాబిచ్చిన అమ్మాయికి ఇరవై ఆరేళ్ళు. చిన్నప్పుడు ఒక్కచోట కాలు నిలిచేది కాదని ఇంట్లో 'పిట్ట' అన్నారు. ఆ పేరు వీధికి పాకి, చివరికి ఆమె ఫొటోల అడుగున కూడా అదే సంతకమై కూర్చుంది. ఏడాది క్రితం ట్రావెల్ ఆఫీసులో ఉద్యోగం మానేసి, బట్టల దుకాణాలకి ఫొటోలు తీయడం మొదలుపెట్టింది. అప్పట్నించీ ఆ ఇంటి హాలు మధ్యాహ్నం దాకా స్టూడియో, ఆ తర్వాతే హాలు.

అమ్మ బస్‌స్టేషన్లో టికెట్ కౌంటర్లో పని చేస్తుంది. రోజంతా కిటికీలోంచి తొంగిచూసే జనానికి జవాబులు చెప్పీ చెప్పీ, ఇంట్లో కూడా ఏ మాటకైనా జవాబు సిద్ధంగా ఉంటుంది.

"మా హాల్లో నేను కూర్చోవాలంటే రిజర్వేషన్ చేయించుకోవాలేమో ఇక," అంటూ కాఫీ తెచ్చింది.

"ఇవాళొక్క రోజే అమ్మా. ఇది మామూలు పని కాదు. లిప్‌స్టిక్కులు. ఎనిమిది రంగులు. ఇది బాగా వస్తే ఏడాదంతా ఆ మేడమ్ పనే."

నాన్న ఇవేమీ పట్టించుకోకుండా తడిబట్టతో గోడ తుడుస్తున్నాడు. ఆయన ఇళ్ళకి రంగులు వేసే మేస్త్రి. ముప్పై ఏళ్ళుగా అదే పని. ఆ హాలు గోడలకి పదమూడేళ్ళ క్రితం ఆయన వేసిన లేత చిలకపచ్చ రంగు ఆ చుట్టుపక్కల నాలుగు వీధుల్లో పేరున్న విషయం. కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్ళని తీసుకొచ్చి, "చేత్తో తడిమి చూడండి" అనేవాడు. అరచెయ్యి గాజు మీద జారినట్టు జారిపోయేది. పక్కకి వంగి, వెలుతురుకి ఎదురుగా చూసినా ఒక్క బ్రష్షు గీత కనబడేది కాదు. ఊళ్ళో పెద్ద ఆసుపత్రి వరండాలన్నీ ఆయన చేతికి రావడానికి కారణం ఆ గోడే. మూడేళ్ళకోసారి అదే రంగు మళ్ళీ వేసేవాడు. ఈసారి మూడేళ్ళు దాటి ఏడాదైనా ఎందుకో ముట్టుకోలేదు. రోజూ తుడవడం మాత్రం మానలేదు.

తొమ్మిదింటికి మేకప్ చేసే స్నేహితురాలు పెద్ద పెట్టెతో దిగింది. నాన్న ఆమెని 'బ్రష్షమ్మ' అంటాడు. "నాదీ బ్రష్షే, నీదీ బ్రష్షే. నేను వేసింది పదేళ్ళుంటుంది, నువ్వు వేసింది సాయంత్రానికి పోతుంది" అని ఏడిపిస్తుంటాడు. ఆమె వెంట ఆమె పిన్ని కూతురు వచ్చింది. చక్కటి పెదవులున్న అమ్మాయి, ఫొటోలకి కూర్చునేది ఆమే.

ఆ హాలుకి ఉత్తరం వైపు పెద్ద కిటికీ ఉంది. ఎండ నేరుగా పడదు, వెలుగు మాత్రం ధారాళంగా వస్తుంది. పిట్ట దానికి పలచని తెల్ల పరదా కట్టింది. పరదాలోంచి జారిన వెలుగు మొహం మీద ఎక్కడా గీత గీసినట్టు నీడ పడకుండా మెత్తగా పరుచుకుంటుంది. ట్యూబులైటు ఆపేసింది. కిటికీకి అవతలి వైపు, చెంప మీద పడే నీడ మరీ నల్లబడకుండా తెల్లటి థర్మకోల్ అట్ట నిలబెట్టింది. తర్వాత కెమెరా ట్రైపాడ్ మీద పెట్టి, వెనక్కి జరుగుతూ జరుగుతూ వంటింటి గుమ్మంలోకి వెళ్ళింది.

"అంత దూరం ఎందుకు? దగ్గరికెళ్ళి తియ్యరాదూ," అంది అమ్మ, దారి లేక పక్కకి నక్కుతూ.

"దగ్గరికెళ్తే ముక్కు ముందు గదిలో, చెవులు వెనక గదిలో ఉన్నట్టొస్తాయి. పొడుగు లెన్సు పెట్టి దూరంగా నిలబడితే మొహం మొహంలా ఉంటుంది."

"నాకు చిన్నప్పుడు తీసిన ఫొటోలన్నీ దగ్గర్నించి తీసినవేలే," అని అమ్మ ముక్కు తడుముకుని డ్యూటీకి వెళ్ళిపోయింది.

నాలుగు గంటలు తీశారు. ఒక్కో రంగుకి పెదవులు తుడిచి, కాసేపు ఆరనిచ్చి, మళ్ళీ వేసి. అందరూ అలిసిపోయి, బాగా వచ్చాయనుకుని, సంతోషంగా లేచారు.

మర్నాడు లిప్‌స్టిక్కుల మేడమ్ ఫోన్ చేసింది. సొంతంగా ఇంట్లో మొదలుపెట్టి చిన్న కార్ఖానా దాకా వచ్చిన మనిషి. కోపం లేకుండానే అడిగింది. "ఫొటోల్లో ఉన్న అమ్మాయికి ఒంట్లో బాగుందా?"

"బాగానే ఉందండీ. ఏం?"

"కామెర్లొచ్చినట్టుంది అమ్మా. దవడ కింద చూడండి, ఆకుపచ్చగా లేదూ? నా ఆరో నంబరు ఇటుక ఎరుపు. మీ ఫొటోలో తుప్పు రంగులో ఉంది. జనం ఫొటో చూసే కొంటారు. ఇంటికి వేరే రంగొస్తే తిట్టేది నన్నే. పది రోజులు టైమిస్తాను. కుదరకపోతే చెప్పండి, వేరేవాళ్ళని చూసుకుంటాను."

పిట్ట ఫొటోలు మళ్ళీ తెరిచింది. మేడమ్ చెప్పింది నిజమే. కంప్యూటర్లో ఆకుపచ్చ తగ్గిస్తే కిటికీ వైపు చెంప గులాబీ రంగుకి తిరిగింది. గులాబీ తగ్గిస్తే దవడ మళ్ళీ పచ్చబడింది. ఎటు లాగినా ఎనిమిదిలో నాలుగు రంగులు తప్పుతున్నాయి.

"కెమెరా పాతబడిపోయింది," అంది బ్రష్షమ్మ.

పిట్టకీ అదే అనుమానం. అద్దెకిచ్చే చోటికి వెళ్ళి, కొత్తది, ఖరీదైనది, ఒకరోజుకి తెచ్చింది. దాంతో తీసిన మొదటి ఫొటోలో ఆకుపచ్చ ఇంకా స్పష్టంగా, ఇంకా అందంగా వచ్చింది. బ్రష్షమ్మ ఆ ఫొటో చూసి నవ్వు ఆపుకోలేక గోడకి జేరబడింది.

పిట్ట నవ్వలేదు. జేరబడ్డ స్నేహితురాలి భుజం వైపే చూస్తోంది. ఆమె వేసుకున్న తెల్ల చొక్కా గోడకి దగ్గరగా ఉన్న వైపు లేత పచ్చగా ఉంది, దూరంగా ఉన్న వైపు తెల్లగా ఉంది.

"కదలకు," అంది. ఒక తెల్ల కాగితం తెచ్చి గోడ దగ్గర పెట్టింది, దూరంగా పెట్టింది. మళ్ళీ దగ్గర పెట్టింది. తర్వాత ఇద్దరూ కెమెరా పట్టుకుని మేడ మీదకి పరిగెత్తారు. వాటర్ ట్యాంకు నీడలో, బ్రష్షమ్మ పెదవులకే వేసి, పాత కెమెరాతోనే తీస్తే, ఆరో నంబరు ఇటుక ఎరుపు ఇటుకలాగే వచ్చింది.

కెమెరా తప్పు లేదు. కిటికీ వెలుగు గోడ మీద పడి, గోడ రంగు పూసుకుని, వెళ్ళి ఆ అమ్మాయి మొహం మీద వాలుతోంది. నాన్న గోడలు అంత నున్నగా, అంత మెరుపుగా ఉండబట్టే ఇంకా ఎక్కువగా వాలుతోంది.

ఆ సంగతి నాన్నకి చెప్పడం ఎలాగో పిట్టకి తెలియలేదు. భోజనాల దగ్గర మొదలుపెట్టింది.

"నాన్నా, మన హాలు బూడిద రంగు వేస్తే ఎలా ఉంటుందంటావు?"

"శ్మశానంలా ఉంటుంది," అన్నాడు ఆయన నవ్వుతూ.

మర్నాడు కాగితాలు, ఫొటోలు చూపించి వివరంగా చెప్పింది. ఆయన ఫొటోలకేసి చూడకుండానే, "ఆ గోడల జోలికి రాకు తల్లీ. ఇంకేదైనా అడుగు," అన్నాడు. మూడోసారి అడిగితే, సగం తిన్న కంచం ముందునుంచి లేచి చెయ్యి కడుక్కున్నాడు.

"గోడ రంగు మార్చమంటే ఈయన రంగు మారుతోందేంటి?" అంది అమ్మ ఆశ్చర్యంగా. కూతురి వైపు తిరిగి, "మేడ మీదే తీసుకోవచ్చుగా" అంది.

"మబ్బు వచ్చినప్పుడల్లా వెలుగు మారుతుందమ్మా. ఎనిమిది రంగులూ ఒకే వెలుగులో తియ్యాలి. పైగా గాలికి జుట్టంతా నోట్లోకి వస్తుంది."

"అయితే దుప్పట్లు కట్టుకో గోడలకి."

కట్టి చూసింది. ఇంట్లో ఉన్న ఆరు తెల్ల దుప్పట్లూ ఆరు రకాల తెలుపని అప్పుడే తెలిసింది. ఒకటి నీలిమందు తెలుపు, ఒకటి పాతబడ్డ తెలుపు, ఒకటి మూలల్లో మాత్రమే తెలుపు. ఫ్యాను తిరిగితే అన్నీ తెరచాపల్లా ఊగాయి.

శుక్రవారం నాన్న పనికి వెళ్ళాక పిట్ట ఒక నిర్ణయానికి వచ్చేసింది. షాపులో బూడిద రంగు డబ్బా, రోలరు కొంది. బ్రష్షమ్మ తోడొచ్చింది. మొహాల మీద అంత చక్కగా వేసే చెయ్యి గోడ మీద ఎందుకు వెయ్యదనుకున్నారు. పాత రంగుని గరుకు కాగితంతో రుద్దాలనీ, నున్నటి గోడ మీద కొత్త రంగు పట్టదనీ వాళ్ళకి తెలియదు. రోలరు తిప్పిన చోట రంగు పూసల్లా చేరి కిందికి కారింది. కారినదాన్ని తుడిస్తే చారలు పడ్డాయి. చారల మీద ఇంకో కోటు వేస్తే అట్టలా లేచింది. ఒక గోడ ముప్పాతిక వంతు అయ్యేసరికి, ఏనుగు ఒళ్ళు రుద్దుకుని వెళ్ళినట్టు తయారైంది.

మధ్యాహ్నానికే నాన్న వచ్చేశాడు. అక్కడ గోడలకి పెట్టిన లప్పం పట్టీ ఆరలేదని పని ఆపేశారట. గుమ్మంలో చెప్పులు విప్పబోయి, ఒక చెప్పుతోనే ఆగిపోయాడు.

బ్రష్షమ్మ రోలరు వెనక దాచుకుంది. అది దాగే వస్తువు కాదు. దానిలోంచి రంగు బొట్లు బొట్లుగా నేల మీద పడుతూనే ఉంది.

"సాయంత్రం వస్తానని మీ అమ్మకి చెప్పు," అని గొణిగి ఆమె పక్కనించి జారుకుంది.

నాన్న గోడ దగ్గరికి వెళ్ళి, ఆరని చోటు వదిలి పచ్చగా మిగిలిన చోట చెయ్యి పెట్టాడు.

"అడిగితే వద్దన్నాను కదా," అన్నాడు. గొంతు పెంచలేదు.

"మూడుసార్లు అడిగాను నాన్నా. ఎందుకొద్దో ఒక్కసారైనా చెప్పావా? నాకు పది రోజుల్లో నాలుగు అయిపోయాయి. ఏడాదిగా బట్టల మడతలు సర్ది, బొత్తాలు సర్ది ఫొటోలు తీస్తే, మొదటిసారి ఒక మంచి పని వచ్చింది. అది పోతే మళ్ళీ ట్రావెల్ ఆఫీసే. నీకు గోడే ముఖ్యమైతే ఆ మాట చెప్పు."

"గోడ కోసం అనుకుంటున్నావా?"

"మరి దేనికోసం?"

ఆయన కారిన రంగు వైపు చూశాడు. "షాపులో డబ్బా కొన్నావు. రోలరు కొన్నావు. బ్రష్షమ్మని పిలిచావు. రంగులు వేసేవాడు ఒకడు ఈ ఇంట్లోనే ఉన్నాడని మాత్రం గుర్తు రాలేదు. ఊరందరి ఇళ్ళకీ నేను పనికొచ్చాను. నా కూతురికి పనికిరాలేదు."

పిట్టకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపంతో వచ్చినవో, తప్పు చేశానని వచ్చినవో ఆమెకే తెలియలేదు. ఆ పూట ఇంట్లో ఇద్దరూ అమ్మ ద్వారానే మాట్లాడుకున్నారు. "నాన్నకి ఉప్పు కావాలేమో అడుగమ్మా." "నీ కూతుర్ని ఫ్యాను ఆపమను." అమ్మ కాసేపు ఓపిక పట్టి, "కౌంటర్ మూసేశాం. ఎవరి టికెట్ వాళ్ళు కొట్టుకోండి," అని లేచిపోయింది.

శనివారం ఉదయం గరగరమనే చప్పుడుకి పిట్ట లేచి వచ్చింది. నాన్న తలకి గుడ్డ కట్టుకుని, పిట్ట వేసిన రంగునంతా గరుకు కాగితంతో గీకేస్తున్నాడు. పక్కన ప్రైమర్ డబ్బా, తెల్లరంగు బకెట్టు, చిన్న చిన్న రంగు సీసాలు.

"నిలబడి చూడకు. ఆ మూల నుంచి రుద్దు," అన్నాడు.

ఆ ఒక్క మాటతో పిట్ట ప్రాణం లేచి వచ్చింది. ఇద్దరూ కలిసి రుద్దారు. మధ్యలో బ్రష్షమ్మ భయం భయంగా తొంగిచూసింది. నాన్న ఆమెకీ ఒక కాగితం ముక్క చేతిలో పెట్టాడు.

"ముందు రుద్దడం, తర్వాత ప్రైమరు, తర్వాత రంగు," అని చెప్పాడు.

"మాకూ అంతే బాబాయ్. మొహం మీద కూడా ముందు ప్రైమరే," అంది ఆమె.

"నిజంగా దాన్ని ప్రైమరనే అంటారా?" అని ఆయన పని ఆపి మరీ అడిగాడు. అవునంటే చాలాసేపు తనలో తాను నవ్వుకున్నాడు.

తెల్లరంగులో నలుపు, నీలం, ఇంకేవో చుక్కలు వేసి, కర్రతో తిప్పి, ఆయన చేత్తో కలిపాడు. "షాపు బూడిదలో వాడు ఏం కలుపుతాడో వాడికే తెలీదు. నీకు ఏ రంగూ కానిది కావాలి. అదే కదా?" అన్నాడు. సరిగ్గా అదే. ఆదివారం ఉదయానికి కిటికీ గోడ తప్ప మిగతా మూడు గోడలూ బూడిద రంగులో, ఒక్క గీత లేకుండా, పాత గోడల్లాగే నున్నగా నిలబడ్డాయి.

పిట్ట ఆయన్ని కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టింది. మోడల్ రాకముందు ఎవరో ఒకరిని కూర్చోబెట్టి వెలుగు సరిచూసుకోవడం ఆమెకి అలవాటు. ఆయన చేతికి ఒక చిన్న అట్టముక్క ఇచ్చింది. ఏ రంగూ కలవని బూడిద రంగు అట్ట అది. ఫొటోలో దాని పక్కన ఏ రంగు తేడాగా ఉన్నా పట్టిస్తుంది.

ఒక ఫొటో తీసి చూసింది. ఇంకోటి తీసింది. గోడ నీలంగా ఉంది. కొంచెం కాదు, అట్టముక్క పక్కన వర్షాకాలం ఆకాశంలా ఉంది. మామూలు కంటితో చూసినా, ఇప్పుడు తెలిశాక, నీలంగానే ఉంది.

వంటింట్లోకి వెళ్ళి అమ్మకి చూపించింది. "రెండు రోజులు కష్టపడ్డాడమ్మా. ఎలా చెప్పను?"

"నాకూ నీలంగానే కనబడింది. నీకు కావలసింది నీలమేమో అనుకున్నా," అంది అమ్మ. "చెప్పు. ఆయన పనిలో తప్పు చెబితే ఆయనెప్పుడూ ఏమీ అనుకోరు."

కానీ ఆయన అనుకున్నాడు. "నీలమా? ఏది నీలం? ముప్పై ఏళ్ళ నుంచి కలుపుతున్నాను. నీ కెమెరాకి జబ్బు చేసిందేమో చూపించు. మొన్న పచ్చ అంది, ఇవాళ నీలం అంటోంది." గొంతు పైకి లేచింది. అట్టముక్క ఒళ్ళో పడేసి మొహం తిప్పుకున్నాడు.

పిట్ట కెమెరాలోకి తలవంచుకుని ఫొటోని పెద్దది చేసింది. అది చేతికి అలవాటైన పని. ఎవరి ఫొటో తీసినా ముందు కళ్ళు చూస్తుంది. కంటిలో కిటికీ మెరుపు ఉందా, రెప్ప వెంట్రుకలు స్పష్టంగా ఉన్నాయా అని. నాన్న ఎడమ కంటిలో కిటికీ మెరుపు ఉంది. దాని వెనక, నల్లగా ఉండాల్సిన చోట, పలచగా పొగ పట్టినట్టుంది.

కుడి కన్ను చూసింది. అక్కడా ఉంది, కాస్త తక్కువ.

కెమెరా స్టాండు మీదే వదిలేసి వచ్చి ఆయన ముందు నేల మీద కూర్చుంది.

"ఎన్నాళ్ళ నుంచి నాన్నా?"

"ఏంటి?"

"నీ కళ్ళు."

ఆయన అట్టముక్క అంచు గోటితో గీకాడు. తలుపు దగ్గర అమ్మ నిలబడి ఉంది.

"ఏడాది దాటింది," అన్నాడు చివరికి. "ఆసుపత్రి వరండాలో ఒకచోట పెచ్చు ఊడితే, అంతవరకు సరిచేసి రంగు కలిపి వేశాను. నాకు కలిసిపోయినట్టే కనబడింది. మర్నాడు వెళ్ళేసరికి వేరే ఎవరో దాని మీద మళ్ళీ వేసి ఉన్నారు. ఇంజనీరుగారు నన్ను ఏమీ అనలేదు. 'పెద్దవారు, అప్పుడప్పుడు అవుతుంది' అన్నారంతే. అప్పట్నించి డబ్బాల మీద నంబర్లు చూసి కలుపుతున్నాను. కంటితో కలపాల్సినవి మా కుర్రాళ్ళకి వదిలేస్తున్నాను. ఈ హాలుకి నంబరు లేదు. ఇది నేను నా కంటితో కలిపిన రంగు. ముట్టుకుంటే మీ ఇద్దరి ముందూ బయటపడిపోతానని..."

"దానికి గోడతో పేచీ పెట్టుకున్నారా?" అంది అమ్మ. "నాతో ఒక్క మాట అంటే పోయేదానికి?"

"రంగులు తెలియని రంగుల మేస్త్రి ఏం చేస్తాడే?"

పిట్ట ఆయన మోకాళ్ళ మీద తలపెట్టుకుని ఏడ్చేసింది. రోజూ ఎవరెవరి మొహాలో అంగుళం అంగుళం వెదికే తను, ఎదురుగా కూర్చుని అన్నం తినే మనిషి కళ్ళలోకి ఏడాదిగా చూడలేదు. గోడ నా మొహాలని పాడుచేస్తోందని మూడుసార్లు అడిగింది కానీ, ఈయనకి గోడంటే ఇంత భయం ఎందుకని ఒక్కసారి అనుకోలేదు.

"ఏడవకు. స్టూలు జారుతుంది," అన్నాడు నాన్న ఆమె తల నిమురుతూ. తర్వాత గోడ వైపు తిరిగి, "ఎంత నీలం ఎక్కువైంది?" అని అడిగాడు.

"ఇప్పుడా సంగతెందుకు నాన్నా?"

"నీ గడువు ఆగుతుందా? నా చెయ్యి బాగానే ఉంది. కంటి పని నీ కెమెరా చూసుకుంటుంది. లే."

మిగిలిన రంగు బకెట్టు మళ్ళీ తెరిచారు. నాన్న పసుపు మట్టి రంగు రెండు చుక్కలు వేసి తిప్పేవాడు. ఒక అట్ట మీద పూసి ఆరబెట్టేవారు. పిట్ట ఫొటో తీసి, కెమెరా వెనక తెర మీద ఏ రంగు ఎంతుందో చూపించే ఎరుపు, పచ్చ, నీలం గీతలు చూసి చెప్పేది. "నీలం ఇంకా పైనే ఉంది." ఇంకో చుక్క. "ఇప్పుడు ఎరుపు తక్కువ." అర చుక్క. అమ్మ హెయిర్ డ్రయ్యరు పట్టుకుని అట్టలు ఆరబెట్టే ఉద్యోగంలో చేరింది. పదకొండో అట్టకి మూడు గీతలూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి.

"కలిశాయి," అంది పిట్ట.

నాన్న ఆ అట్టని వెలుగులో పెట్టుకుని చూశాడు. "నాకు మాత్రం గోధుమ రంగులా ఉంది," అన్నాడు నిజాయితీగా. ముగ్గురూ ఒక్కసారిగా నవ్వారు. ఆ సాయంత్రానికల్లా గోడల మీద ఆ రంగు ఇంకో కోటు పడింది.

సోమవారం అమ్మ సెలవు పెట్టి ఆయన్ని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. శుక్లాలు. వయసుతో కంటిలోపలి కటకం పసుపుబారిందనీ, దాంతో నీలం తక్కువగా కనిపిస్తోందనీ, అందుకే చెయ్యి నీలం ఎక్కువ వేస్తోందనీ డాక్టరు చెప్పింది. చిన్న ఆపరేషన్, ముందు ఎడమ కంటికి, నెల తర్వాత కుడికి.

"అయితే తప్పు చేతిది కాదన్నమాట," అని నాన్న రెండుసార్లు అడిగి రూఢి చేసుకున్నాడు.

బుధవారం మళ్ళీ ఫొటోలు తీశారు. థర్మకోల్ అట్ట పట్టుకునే పని నాన్న తీసుకున్నాడు. పిట్ట ఒక ఫొటో చూసుకుని మొహం చిట్లించింది. చర్మం మీద సన్నటి గుంటలన్నీ కనబడుతున్నాయి.

"కుర్చీ కాస్త కిటికీ వైపు తిప్పు," అన్నాడు నాన్న. "గోడకి పట్టీ పెట్టాక గుంటలు వెదకాలంటే బల్బు పక్కనించి వేస్తాం. అన్నీ బయటపడతాయి. యజమానికి చూపించేటప్పుడు మాత్రం ఎదురుగా వేస్తాం."

"అమ్మో బాబాయ్," అంది బ్రష్షమ్మ.

కుర్చీ తిప్పారు. వెలుగు ఎదురుగా పడి గుంటలు సర్దుకున్నాయి. మొహం మరీ చదునైపోతే, పిట్ట అవతలి వైపు నల్ల అట్ట ఒకటి పెట్టి చెంపకి కాస్త నీడ తెచ్చింది. మోడల్‌ని గోడకి దూరంగా జరిపింది. ఎనిమిది రంగులు, మూడు గంటలు.

మేడమ్ ఫోన్ చేయలేదు. తనే వచ్చింది, లిప్‌స్టిక్కులు చేత్తో పట్టుకుని. కంప్యూటర్ ముందు ఒక్కొక్కటీ పక్కన పెట్టి చూసుకుంది. ఆరో నంబరు దగ్గర ఎక్కువసేపు ఆగి, "ఇదీ నా ఇటుక," అంది. వెళ్ళేముందు హాలంతా చూసి, "గోడలు ఎవరు వేశారు? మా కార్ఖానాలో రంగులు చూసే గదికి ఇలాంటిదే కావాలి. ఎంతమందిని పిలిచినా తెల్లగా వేస్తామంటారే తప్ప ఇది ఎవరికీ రాదు," అంది.

"నెల ఆగండి మేడమ్. ఆ మేస్త్రి సెలవులో ఉన్నాడు," అన్నాడు నాన్న, థర్మకోల్ అట్ట వెనక నించి.

ఆపరేషన్ అయిన మర్నాడు ఉదయం కట్టు విప్పించుకుని ఇంటికొచ్చారు. ఆయన గుమ్మంలో నిలబడి కుడి కన్ను అరచేత్తో మూసుకుని హాలంతా కలియజూశాడు. గోడ దగ్గరికి వెళ్ళాడు. కన్ను మార్చాడు. మళ్ళీ మార్చాడు.

"ఏ రంగూ లేదు," అన్నాడు తృప్తిగా.

తర్వాత అమ్మ వైపు తిరిగాడు. "నీ యూనిఫాం నీలమా? నల్లదనుకుంటున్నానే."

"ఏడాదిగా నేను సంతాపంలో ఉన్నాననుకున్నారా?" అంది అమ్మ. అంటూనే కళ్ళు తుడుచుకుంది.

పిట్ట కిటికీ దగ్గర నిలబడి ఉంది. ఆయన ఆమెని దగ్గరికి రమ్మని, గడ్డం పట్టుకుని మొహం వెలుగు వైపు తిప్పాడు. ఆమె అందరికీ చేసే పనే అది. ఆమెకి ఎవరూ చేయలేదు. ఆయన ఎడమ కంటితో చూశాడు. అది మూసి కుడి కంటితో చూశాడు. తొందరపడకుండా, రంగు కలిసిందో లేదో చూసే మేస్త్రిలాగే చూశాడు.

"ఈ కొత్త కంటికి నువ్వు అచ్చం మీ అమ్మలాగే ఉన్నావు," అన్నాడు. "ఈ పాత కంటికి మా అమ్మలా ఉన్నావు."

"మరి రెండోది కూడా ఆపరేషన్ అయిపోతే?" అంది అమ్మ.

ఆయన కూతురి గడ్డం వదల్లేదు.

"డాక్టరమ్మకి ఫోన్ చేసి, ఇంకో రెండు వారాలు ఆగమని చెప్పు," అన్నాడు. "నేనింకా చూస్తున్నాను."

పిట్ట నవ్వుతూనే ఉంది. కళ్ళు నిండి కిటికీ మసకబారినా, మొహం మాత్రం ఆయన తిప్పిన వైపే ఉంచింది.